పక్షుల సఫరులో మొదటి దినము



నేటి నా ప్రసంగవిషయము పక్షులను చూచుట. ఇది పనిలేనివారి పని గదా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. తుదివరకు వినిన పిమ్మట కూడ అట్లే తోచినచో అప్పుడు నవ్వుడు. నేను అడ్డు చెప్పను.

సఫారి యను మాట ఈ కాలమున పట్టణములలో తఱచుగా వినబడుచున్నది. దక్షిణాఫ్రికాలో క్రూగర్ జాతీయవనమని యొక గొప్ప అరణ్యము కలదు. అది 1926 సంవత్సరమున జాతీయవనముగా నేర్పడినది. అందు సుమారు 500 జాతుల పక్షులు కలవని లెక్క. దేశదేశములనుండి కలిగినవారు అచ్చటికి పోయి, తెల్లవారకమునుపే మోటారెక్కి, దుర్భిణి కన్నులకు పెట్టుకొని, కనబడిన ప్రతి పిట్ట పేరును పుస్తకములో వ్రాసికొందురు. ఆ ప్రయాణమునకే సఫారి యని పేరు. ఈ మాట తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలి భాషది. దానికి మూలము అరబ్బీ భాషలోని సఫర్. మన తెలంగాణములో ఉర్దూ ఎఱిగిన పెద్దలకు సఫరు క్రొత్త మాట కాదు. సఫరనగా ప్రయాణము, అంతకన్న మఱేమియు లేదు.

అట్టి ప్రయాణమునకు సముద్రము దాటనక్కఱలేదని, నస్పూరునుండియే బయలుదేఱవచ్చునని చెప్పుట నా మొదటి ఉద్దేశము. ఆ ప్రయాణములో మొదటి దినమున మాకు కనబడినవాటితోపాటు, కనబడని యొక పక్షిని గూర్చి చెప్పుట రెండవ ఉద్దేశము. రెండవదియే ముఖ్యము.

నస్పూరనగానే అందఱికి బొగ్గు జ్ఞప్తికి వచ్చును. శ్రీరాంపూరు ప్రాంతపు సింగరేణి గనులు, షిఫ్టు మాఱునప్పటి సైరను, బొగ్గుదుమ్ము కప్పిన రోడ్లు, ఓపెన్‌కాస్టు గనినుండి తీసి పోసిన మట్టిగుట్టలు, ఇవియే చూపఱులకు ముందు కనబడును. కాని ఊరికి దక్షిణమున గోదావరి ప్రవహించుచున్నది. పడమరగా మంచిర్యాల దాటి కొంతదూరము పోయినచో జన్నారము దగ్గఱ కవ్వాల అడవి కలదు. అది 1965లో వన్యప్రాణుల అభయారణ్యమైనది; 2012లో పులుల అభయారణ్యమైనది. నీరు, పొలము, అడవి, ఈ మూడును ఒక్క దినములో చూడగల చోటు పక్షులను వెదకువానికి చాలును.

పుష్యమాసమున ఒకనాడు మేము నలుగురము బయలుదేఱితిమి. నేను, గనిలో పనిచేసి విశ్రాంతి పొందిన మా పెద్దబాపు, కళాశాలలో చదువుకొను విద్యార్థు లిద్దఱు. విద్యార్థులయొద్ద దుర్భిణి, బొమ్మల పుస్తకము, వ్రాసికొనుటకు కాగితములు కలవు. పెద్దబాపు చేత కఱ్ఱ తప్ప మఱేమియు లేదు. గనిలో చేరకమునుపు ఆయన చిన్నతనమంతయు పశువులవెంట గడచినది.

ఈ పనికి నియమములు కొన్ని కలవు. తెల్లని బట్టలు, ఎఱ్ఱని బట్టలు పనికిరావు. మట్టిరంగు, ఆకురంగు మేలు. సూర్యుడు మన వీపువైపు ఉండునట్లు నిలువవలెను. లేనిచో ఏ పిట్టయైనను నల్లగానే కనబడును. మాటలు తగ్గింపవలెను. గూటి దగ్గఱకు పోరాదు. ముందు చెవితో వెదకి, పిదప కంటితో చూడవలెను. ఈ కడపటి నియమము పుస్తకములో చదివి మేము నేర్చుకొనగా, పెద్దబాపునకు అది పుట్టుకతో వచ్చినట్లే యుండెను.

గోదావరి యొడ్డునకు చేరునప్పటికి ఇంకను చీకటి విడలేదు. మొదట వినబడినది తీతువు కూత. తీతువు కూసిన కీడు జరుగునని మనవారిలో నొక నమ్మకము కలదు. నిజమునకు ఆ పిట్ట గూడు కట్టక, గులకరాళ్ళనడుమ నేలమీదనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లును రాళ్ళ రంగుననే యుండును. నక్కగాని, కుక్కగాని, మనుష్యుడుగాని ఆ దిక్కునకు వచ్చినచో అది కేకలు వేయుచు తలమీదుగా తిరుగును. అది మనకు చెప్పు కీడు కాదు. తన పిల్లలకు చెప్పు హెచ్చరిక.

తెలతెలవాఱుచుండగా ఇసుకమేటమీద రెండు పెద్దబాతులు కనబడినవి. దేహము పండిన నారింజవన్నె, తల కొంచెము లేతరంగు. విద్యార్థి పుస్తకము త్రిప్పి ఇంగ్లీషు పేరొకటి చెప్పెను. పెద్దబాపు బాపనబాతులనెను. మన కవులు జక్కవలనియు, చక్రవాకములనియు చెప్పు పక్షు లివియే. రాత్రియందు జంట విడిపోయి యొడ్డునకొకటి యేడ్చునని కావ్యములయందు ప్రసిద్ధి. శీతకాలమునకు మన నదులకు వచ్చు ఈ పక్షులు గ్రుడ్లు పెట్టునది లడఖు, టిబెట్టు మొదలగు ఎత్తయిన చలిదేశములలో. హిమాలయమును దాటి వచ్చి మన గోదావరి యిసుకమీద ఎండ కాచుకొనుచున్న యతిథులను చూచి, విద్యార్థులు కొంతసేపు వ్రాయుట మఱచిరి.

అచ్చటనే నలుపు తెలుపు లకుముకి పిట్ట యొకటి నీటిపైన గాలిలో నిలిచి, రెక్కలు టపటప కొట్టుకొని, రాయి పడినట్లు నీటబడి చేపతో లేచెను. బుడబుంగలు మునిగి, పదిబారల దూరమున తేలుచుండెను. ఈ లకుముకియు, ఈ బుడబుంగయు ఆఫ్రికా ఖండములోను ఇవే జాతులుగా నున్నవి. అనగా క్రూగర్ వనమునకు పోయినవాడు మొదటి దినమున ఏ నీటిమడుగు దగ్గఱ నిలిచినను, మన చెరువు గట్టున కనబడు పిట్టలనే కొన్నింటిని చూచును.

ఎండ పొడిచిన పిదప పొలములలోనికి వచ్చితిమి. ఎద్దులవెంట తెల్లకొంగలు నడచుచు, వాటి కాళ్ళక్రింద లేచు మిడుతలను పట్టుచుండెను. గేదెవీపుమీద పసులపోలిగాడు కూర్చుండెను. పెద్దబాపు దానిని చూచి, “వీడు కావలి యున్నచోటికి గద్ద రాదు బిడ్డా” యనెను. అది సత్యము. ఆ పిట్ట తనకన్న ఎంతో పెద్దవైన గద్దను, కాకిని తఱిమికొట్టును. అందుచేత సాధువులైన చిన్నపిట్టలు కొన్ని అది గూడు కట్టిన చెట్టుననే తామును గూడు కట్టుకొనును. దీని దాయాది యొకటి ఆఫ్రికాలో కలదు. అది కలహారి యెడారిలో ఇతర జంతువులు ఆహారము త్రవ్వి తీయువరకు వేచియుండి, శత్రువు వచ్చెనను హెచ్చరిక కూత దొంగగా కూసి, అవి పరుగెత్తగానే ఆ యాహారమును ఎత్తుకొని పోవునట. కాపలాదారుని బుద్ధియు, కపటుని బుద్ధియు ఒకే వంశములో నుండుట మనుష్యులలో మాత్రమే కాదన్నమాట.

తీగమీద పాలపిట్ట యొకటి కనబడెను. ఇది మన తెలంగాణ రాష్ట్రపక్షి. దసరానాడు దీనిని చూచుట శుభమని మన యాచారము. దానిని పట్టి పంజరములో తెచ్చి చూపి డబ్బు తీసికొనువారును ఉన్నారు. అది చట్టవిరుద్ధము. పొలమునకు పోయి స్వేచ్ఛగా నెగురుదానిని చూచుటయే ఆచారమునకు సరియైన తాత్పర్యమని నా మనవి.

మధ్యాహ్నము వేపచెట్టు నీడను రొట్టె తినుచుండగా, విద్యార్థి యొకడు చెప్పిన వృత్తాంతము మీకును చెప్పుదును. అది విశేషముగా గ్రామ పెద్దలకు సంబంధించినది.

ఎఱ్ఱని కాళ్ళుగల చిన్నడేగ యొకటి కలదు. ఆమూరు నది ప్రాంతమున, అనగా తూర్పు సైబీరియాలోను ఉత్తర చైనాలోను పుట్టుటచే దానికి ఆమూరు డేగ యని పేరు. దాని బరువు పావుసేరునకు తక్కువ. ప్రతి సంవత్సరము చలికాలమునకు ముందు అది బయలుదేఱి, నాగాలాండులోని దోయాంగు జలాశయము దగ్గఱ లక్షలకొలదిగా దిగి, ఆహారము తిని బలము పుంజుకొని, మన దేశమును అడ్డముగా దాటి, అరేబియా సముద్రముమీదుగా ఆఫ్రికా దక్షిణభాగమునకు పోవును. 1860 నవంబరులో మద్రాసునుండి పోయిన ట్రూరో యను ఓడ మొదటి భారతీయ కూలీలను నేటాలునకు చేర్చినది. తర్వాత అట్టి ఓడలలో మన తెలుగువారెందఱో పోయి ఆ దేశమున స్థిరపడిరి. వారు ఓడలో పోయిన దేశమునకు ఈ పిట్ట రెక్కలమీద పోవుచున్నది.

2012లో ఆ దోయాంగు దగ్గఱ చేపలవలలు చెట్లకు కట్టి, ఈ డేగలను వేలకువేలుగా పట్టి చంపి యమ్మిరి. ఆ యొక్క ఋతువులోనే లక్షకు పైగా చచ్చెనని అంచనా. ఆ వార్త లోకమునకు తెలిసెను. మఱుసటి సంవత్సరము 2013లో పాంగ్టీ మొదలగు ఊళ్ళ గ్రామసభలవారు కూర్చుండి, ఇక ఒక్క డేగను చంపరాదని కట్టడి చేసిరి. ఆ సంవత్సరము వలలు లేవలేదు. ఆ నవంబరులోనే శాస్త్రజ్ఞులు మూడు డేగలకు చిన్న యంత్రములు కట్టి విడిచిరి. వాటికి నాగ, వోఖా, పాంగ్టీ యని పేర్లు పెట్టిరి. అవి బంగాళాఖాతముమీదుగా ఆంధ్రదేశమును చేరి, దక్కను పీఠభూమిని, పిదప పడమటి సముద్రమును దాటినవి. 2014 మొదట నాగయు, పాంగ్టీయు ఆఫ్రికా దక్షిణభాగములో నున్నట్లు యంత్రము తెలిపెను. ఒక ఊరి పెద్దలు తీర్మానించిన తీర్మానముచేత మఱియొక ఖండములో ఆకాశము నిండెను.

ఈ మాటలు వినుచు పెద్దబాపు పైకి చూచుచుండెను. దూరమున మట్టిగుట్టపైన నాలుగైదు పక్షులు సుడి తిరుగుచుండగా, విద్యార్థి దుర్భిణి ఇచ్చెను. ఆయన చూచి, “గద్దలే” యని తిరిగి ఇచ్చివేసెను.

సాయంకాలమునకు జన్నారము చేరితిమి. టేకుచెట్లనడుమ వడ్రంగిపిట్ట చెట్టును తట్టు చప్పుడు, నెమలి కేక, వెదురుపొదలో అడవికోళ్ళ అలికిడి వినబడెను. పసులపోలిగాని జాతిదే యింకొకటి కనబడెను. దాని తోకకు రెండు పొడుగు తీగెలు, తీగెల చివరల చిన్న ఆకులవంటి ఈకలు కలవు. అది ఇతర పక్షుల కూతలను అచ్చముగా అనుకరించును. ప్రొద్దు గ్రుంకిన పిదప దీపముదగ్గఱ కూర్చుండి విద్యార్థులు లెక్క చూడగా, ఆ దినమున మేము చూచిన జాతులు అఱువదిమూడు. వారు సంతోషించిరి. అప్పుడు పెద్దబాపు అడిగెను: “రాబందును వ్రాసితిరా?”

లేదని చెప్పితిమి. ఆయన మెల్లగా చెప్పసాగెను. ఆయన బాల్యమున గొడ్డు చచ్చినచో ఊరవతలకు ఈడ్చి వేసెడివారు. జాము గడువకమునుపే ఆకాశమున చుక్కవలె ఒకటి కనబడెడిది. దాని వెనుక పది, పిమ్మట నలువది దిగెడివి. ప్రొద్దు తిరుగునప్పటికి ఎముకలు తప్ప మఱేమియు మిగిలెడిది కాదు. వాసనయు లేదు, ఈగలును లేవు. “నేను గనిలో దిగి తట్ట మోయునప్పుడు ఉండినవి. ఉద్యోగము విడిచి పైకి వచ్చునప్పటికి లేవు. ఎవ్వడును చంపినట్లు వినలేదు. ఏమాయెను బిడ్డా?” యని ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్న మీలో ఎందఱిదో కూడ నని నాకు తెలియును. దానికి సమాధానము కలదు.

ఉత్తర, మధ్య, పశ్చిమ భారతములలో లెక్క తీసినవారు 1992, 2007 సంవత్సరముల నడుమ తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటి మాత్రము మిగిలెనని తేల్చిరి. పొడుగుముక్కు రాబందులు నూటికి మూడు మాత్రము మిగిలెను. మొదట ఇది యేదో అంటురోగమని తలచిరి. 2004లో అసలు కారణము బయటబడెను. పశువులకు నొప్పి, వాపు, జ్వరము తగ్గుటకై ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందే దానికి కారణము. ఆ మందు తీసికొన్న పశువు కొలది దినములలో చచ్చినచో, మందు దాని మాంసమున, కాలేయమున, మూత్రపిండములలో నిలిచియుండును. ఆ మాంసము తిన్న రాబందు మూత్రపిండములు చెడిపోవును. రక్తములోని యూరికామ్లము బయటికి పోక లోపలి యవయవములపై సున్నమువలె పేరుకొని, పక్షి కొలది దినములలోనే చచ్చును. ఒక కళేబరముమీద పదులకొలది వ్రాలును గనుక, నూటికి ఒక కళేబరమునకు తక్కువగా మందు కలిసియున్నను జాతి నశించుటకు చాలునని శాస్త్రజ్ఞులు గణించిరి. రాబందు సంవత్సరమునకు ఒక్క గ్రుడ్డు మాత్రము పెట్టును. పోయినదానిని పూరించుకొను శక్తి దానికి లేదు.

రాబందు ఇంటిమీద వ్రాలిన అరిష్టమని భయపడు మనమే, సీతమ్మకొఱకు ప్రాణమిచ్చిన జటాయువును పూజింతుము. దాని పని ఊరికి సేవ. దాని పొట్టలోని ఆమ్లము బలమైనది. కుళ్ళిన మాంసములోని రోగక్రిములను అందు చాలభాగము నశింపజేయును. రాబందులు లేని చోట కళేబరములు కుక్కలపాలగును, కుక్కలు పెరుగును, పిచ్చికుక్క కాటు భయము పెరుగును. నీటిలోనికి కుళ్ళు చేరును.

గనులప్రాంతమువాడను గనుక ఒక ఉపమానము చెప్పెదను. పూర్వము ఇంగ్లండులో బొగ్గుగనులలోనికి కెనరీ యను చిన్న పచ్చని పిట్టను పంజరములో తీసికొనిపోయెడివారు. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతపు దశకములో ఈ పద్ధతిని సూచించెను. గనిలో విషవాయువు చేరినచో మనుష్యునికి తెలియకమునుపే పిట్ట సొమ్మసిల్లి పడిపోవును. వెంటనే కూలీలు పైకి వచ్చెడివారు. 1986లో యంత్రములు వచ్చి ఆ పద్ధతి పోయెను. పిట్ట పడినప్పుడు గనివాడు పిట్టనుగూర్చి దుఃఖించుచు కూర్చుండలేదు. గాలి చెడినదని గ్రహించెను. మన ఊరిమీద రాబందు పడిపోయినది. మనము గ్రహింపవలసిన దేమి?

ప్రభుత్వము తన వంతు కొంత చేసినది. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ ఇచ్చుట నిషేధింపబడెను. అయినను మనుష్యులకై చేసిన పెద్ద సీసాలను తెచ్చి పశువులకు వాడుచుండుటచే, 2015లో ఆ సూదిమందును 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలలోనే అమ్మవలెనని కట్టడి చేసిరి. 2023లో పశువులకు కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అను మందులను కూడ నిషేధించిరి. అవియు రాబందునకు విషములే. వీటికి బదులు మెలాక్సికామ్ అను మందు కలదు. అది పశువునకు పనిచేయును. రాబందునకు హాని చేయదు.

ఆఫ్రికాలో రాబందుల చావు వేఱు విధము. 2019 జూనులో బోట్స్వానా దేశమున వేటగాండ్రు చంపిన మూడు ఏనుగుల కళేబరములకు విషము పూయుటచే 537 రాబందులు చచ్చెను. ఆకాశమున సుడి తిరుగు రాబందులు దొంగవేటను అటవీ యధికారులకు చూపునని ఆ దుష్టుల కోపము. అచ్చట చంపినది పగ. ఇచ్చట చంపినది తన యెద్దు నొప్పి తగ్గవలెనని కోరిన రైతు దయ. పగను ఆపుటకు తుపాకి కావలెను. దయను సరియైన దారిని పెట్టుటకు ఒక్క మాట చాలును. ఆ మాట చెప్పదగినవారు మీరు.

మన ప్రాంతమున ఆశ బొత్తిగా పోలేదు. కుమురంభీము ఆసిఫాబాదు జిల్లాలో బెజ్జూరు అడవియందు, పెద్దవాగు చెంత పాలరాపుగుట్ట కలదు. 2013లో ఆ కొండచఱియమీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళను అటవీశాఖవారు గుర్తించి, వాటికి కావలి పెట్టి, మందు సోకని ఆహారము నందింప పూనుకొనిరి. పిమ్మటి సంవత్సరములలో వాటి సంఖ్య ఒకప్పుడు పెరుగుచు, ఒకప్పుడు తగ్గుచు వచ్చినది. రాబందు ఆహారమునకై ఒక్క దినములో ఎన్నో క్రోసులు తిరుగును. దానికి జిల్లాల యెల్లలు తెలియవు. బెజ్జూరులో గూడు కట్టిన పక్షి బ్రదుకు, కావలివారి చేతిలో కన్న, చుట్టునున్న నూఱు ఊళ్ళ పశువుల కొట్టములలో ఎక్కువగా నున్నది.

పెద్దల జ్ఞానమునకు విలువ లేదని అనుకొనకుడు. 1931, 1932 సంవత్సరములలో సలీం అలీ అను పక్షిశాస్త్రజ్ఞుడు హైదరాబాదు రాజ్యమంతట తిరిగి పక్షుల పట్టిక తయారుచేసెను. అట్టి పట్టికలకు కూడ ఊరివారి కన్నులు తోడు కావలెను. కడప జిల్లాలో కలివికోడి యను పక్షి 1900 సంవత్సరము తర్వాత కనబడక నశించెనని పుస్తకములు వ్రాసినవి. 1986 జనవరిలో అది రెడ్డిపల్లె దగ్గఱ మరల దొరకినది. అది యున్నదని తెలిసినవారు అచ్చటి గ్రామస్థులే. పుస్తకమున చచ్చిన పక్షి ఊరివారి నోట బ్రదికియుండెను.

కావున పెద్దలారా, నా మనవి రెండు మాటలు. మీ ఊరి పశువైద్యునితోను, మందుల దుకాణమువానితోను మాటలాడుడు. నొప్పికి మందు వ్రాయునప్పుడు మెలాక్సికామ్ వ్రాయుడని అడుగుడు. మందు తీసికొన్న గొడ్డు చచ్చినచో బయట వేయక లోతుగా పూడ్చుడని గ్రామసభలో కట్టడి చేయుడు. నాగాలాండు పెద్దలు ఒక్క సంవత్సరములో చేసినపని మనకు అసాధ్యము కాదు. ఇది మొదటి మాట. ఇక మీ మనుమలను వెంటబెట్టుకొని ఒక్క ఉదయము చెరువుగట్టునకు పొండు. బుడబుంగ, జక్కవ, పసులపోలిగాడు, కౌజు, పూరేడు, ఈ పేర్లు మీ తర్వాత చెప్పువారు లేరు. పేరు తెలియని పిట్ట పోయినచో పోయినదని కూడ ఎవ్వరికిని తెలియదు.

రెండవ దినమున మేము బెజ్జూరు దారి పట్టితిమి. ఆ ప్రయాణ విశేషములు మఱియొక ప్రసంగమున విన్నవింతును.